నలభై ఒకటి, యాభై రెండు

మందులిచ్చే గది అద్దం కింద సందులోంచి చెల్లెలి చెయ్యి లోపలికొచ్చింది.

“నలభై ఒకటి,” అంది చెల్లెలు, ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడినట్టు.

అక్క డబ్బా ముందుకు జరిపింది. “రోజుకో చెంచా. ఫ్రిజ్‌లోనే పెట్టండి.”

“అలాగేనండీ.”

పక్కనే నిలబడ్డ నర్సుకు వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళని తెలియదు. తెలిస్తే ఆ రోజే ఇద్దర్నీ బయటికి పంపేసేది.

ఆ పిల్లల ఆసుపత్రిలో ఒక పరిశోధన మొదలైంది. పుట్టిన దగ్గర్నుంచి ఆరు నెలలపాటు ప్రోబయోటిక్స్, అంటే కడుపుకు మేలుచేసే సూక్ష్మజీవులున్న పొడి, పట్టిస్తే పిల్లలకు ఎగ్జిమా అనే దురద జబ్బు రాకుండా ఉంటుందా అని. సగంమందికి ఆ పొడి, తక్కిన సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్త పిండి. ఎవరికి ఏది వెళ్తోందో తల్లులకు తెలియదు, డాక్టరమ్మకూ తెలియదు. డబ్బాలు నింపి నంబర్లు అంటించే అక్కకు మాత్రమే తెలుసు. ఆమె గదికి ఆ అద్దం తప్ప వేరే కిటికీ లేదు. తలుపుకు రెండు తాళాలు. అందుకే ఆసుపత్రిలో ఆమెను అందరూ తాళాలక్క అనేవారు.

చెల్లెల్ని ఇందులో చేర్పించింది ఆమే. చెల్లెలి పెద్దకూతురికి నాలుగేళ్ళు. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక ఎప్పుడూ పచ్చిపుండే. గోక్కోకుండా తల్లి రెండు చేతులూ పట్టుకుంటే, “వదులమ్మా, ఒక్కసారి, ఒక్కసారే” అని ఆ పిల్ల బతిమాలేది.

“చంటివాడికి కూడా ఇది వస్తే నా వల్ల కాదక్కా,” అంది చెల్లెలు. అక్క బంధుత్వం దాచిపెట్టి వాడి పేరు రాయించింది.

తీరా ఏ నంబరుకు ఏది వెళ్ళాలో రాసున్న కోడ్ పుస్తకం తెరిస్తే నలభై ఒకటికి ఎదురుగా “పిండి” అని ఉంది.

మొదటి డబ్బాలు ఇంకా బయటికి వెళ్ళలేదు. అక్క చాలాసేపు ఆ పుస్తకం ముందు కూర్చుంది. లేచి, చేతికి అందిన అసలు పొడి డబ్బా ఒకటి తీసింది. దాని మీద యాభై రెండు అని ఉంది. రెండు చీటీలూ జాగ్రత్తగా ఊడదీసి, ఇటుది అటు, అటుది ఇటు అంటించింది. ఆ రోజుకి యాభై రెండు ఒక అంకె మాత్రమే.

మర్నాడు ఆ అంకెకు ఒక మనిషి వచ్చింది. బట్టలు కుట్టుకునే ఆవిడ, వేళ్ళనిండా సూదిపోట్లు, భుజానికి కట్టుకున్న ఆడపిల్ల. “మా ఆయనకి ఒళ్ళంతా ఇదేనండీ. నా పిల్లకైనా రాకూడదని ఆశ,” అంటూ పిండి డబ్బా కళ్ళకద్దుకుని తీసుకుంది.

అక్క తరవాతి డబ్బా కోసం అటు తిరిగింది.

ఇక వెనక్కి తిరిగే దారి లేదు. చీటీలు సరిచేస్తే చెల్లెలి బిడ్డ నోటి దగ్గరిది లాగేసినట్టు. చెయ్యకపోతే ప్రతినెలా మళ్ళీ అదే దొంగతనం. ప్రతినెలా చేసింది. చీటీలు మార్చిన రోజు ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే ముద్ద ఎత్తబుద్ధయ్యేది కాదు. పైగా చెల్లెలూ ఆవిడా ఒకే రోజు వచ్చి, ఒకే బెంచీ మీద పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కబుర్లాడుకునేవారు. అద్దం వెనకనుంచి అది చూస్తూ ఆమె డబ్బాలు నింపేది.

“అసలుదేనా అక్కా?” అని చెల్లెలు ఒకేఒక్కసారి అడిగింది.

“చెప్పకూడదే.”

“అయితే చెప్పకు.” మళ్ళీ అడగలేదు.

అయిదో నెలలో కుట్టుపనావిడ పిల్లను అద్దం దాకా ఎత్తి చూపించింది. బుగ్గలు రెండూ ఎర్రగా పగిలి రసి కారుతున్నాయి. చిన్నచిన్న చేతులకు గుడ్డసంచులు కట్టి ఉన్నాయి.

“తాళాలక్కా, నంబరు మార్చి ఇవ్వరా? మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“అలా కుదరదమ్మా,” అని నర్సు ఆమెను పక్కకు తీసుకెళ్ళింది.

చెల్లెలి కొడుకు ఒంటిమీద మాత్రం ఒక్క మచ్చ లేదు.

ఆరో నెల డబ్బాలు అక్క నింపలేకపోయింది. నేరుగా డాక్టరమ్మ గదికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేసింది. డాక్టరమ్మ కేకలెయ్యలేదు. అదే అక్కకు ఎక్కువ భారమైంది.

“ఆ పొడి పట్టినా కొందరు పిల్లలకు వస్తుంది. పట్టకపోయినా కొందరికి రాదు. పనిచేస్తుందో లేదో తేల్చడానికేగా ఈ పాట్లన్నీ?” అందావిడ. “అసలు పొడి పడి ఉంటే ఆ పాప బాగుండేదేమో. ఇప్పుడు చెప్పలేం. ఎప్పటికీ చెప్పలేం. తాళాలు అక్కడ పెట్టేసి వెళ్ళు.”

అక్క అటునుంచి అటే చెల్లెలింటికి వచ్చింది. చంటివాడు చాపమీద బోర్లాపడి కేరింతలు కొడుతున్నాడు. వాణ్ణి ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

“వీడి ఒంటి నునుపు ఆ పిల్లదే. నేను దొంగిలించి తెచ్చి నీకిచ్చాను,” అంటూ మొదటి రోజునుంచి జరిగిందంతా ఏకరువు పెట్టింది. “ఉద్యోగం పోయింది, పోనీ. రేపు ఆవిడ ఇంటికెళ్ళి చెబుతాను. కొడితే కొట్టనీ.”

చెల్లెలు చంటివాణ్ణి ఎత్తుకుంది, మళ్ళీ దించింది.

“తిట్టవేమే? ఏదో ఒకటి అనవే!”

“ఏమనాలి అక్కా? ఎవరిది అసలో ఎవరిది పిండో మాకేం తెలుసు?” అంది చెల్లెలు. “మొదటి రోజునుంచీ ఆవిడా నేనూ రెండు డబ్బాలూ కలిపేసి చెరిసగం పంచుకున్నాం.”