ఎవరింటి పిల్ల?

కరుప్పుసామి ఇంటి వెనక గదిలో అద్దెకు దిగిన కొత్త జంట మనవాళ్లా, కాదా అన్నది సాయంత్రంలోగా తేలిపోవాలి. కాదని తేలితే రేపే వాళ్ల సామాను వీధిలో పడుతుంది. తమిళనాడులో ఆండిపట్టి దగ్గరి ఆ ఊళ్లో తెలుగు వీధి కట్టుబాటు అది.

తేల్చే పని గోవిందమ్మాళ్‌ది. జనాభా లెక్కలవాళ్లు పదేళ్లకోసారి వచ్చి తలలు లెక్కపెట్టుకుని పోతారు. ఈవిడ రోజూ లెక్కపెడుతుంది. భర్త రామచంద్రన్ పోయినప్పటి నుంచి మరీను. వీధిలో ఉన్నవి నూటపన్నెండు గడపలు. ఏ గడపలో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ కోడలు ఏ ఇంటి నుంచి వచ్చింది, అంతా ఆవిడ నాలుక మీదే ఉంటుంది. ఆవిడ కళ్లుగప్పి ఆ వీధిలోకి పరాయి పిల్లి కూడా దూరలేదని పేరు.

కుర్రాడు జీవ మీద అనుమానం లేదు. ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్లో పని. తల్లీతండ్రీ లేకపోయినా, సూరినేనివాళ్ల మనవడని గోవిందమ్మాళ్ ముక్కు చూసే చెప్పేసింది. అనుమానమంతా అతని పెళ్లాం కళైసెల్వి మీదే. వచ్చి రెండు వారాలైనా పుట్టింటి నుంచి ఒక్కరూ తొంగిచూడలేదు. ఫోన్ మోగితే చాలు, ఆ పిల్ల ఉలిక్కిపడుతుంది.

గోవిందమ్మాళ్ లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. కరుప్పుసామి, మరో నలుగురూ వీధిలోనే ఆగారు.

పిల్ల సగం తమిళంలో మాట్లాడింది. దాంతో ఏమీ తేలదు, ఈ కాలం పిల్లలంతా అంతే. కార్డులు చూసినా లాభం లేదు. ఇటువైపు కార్డుల మీద తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఉంటుంది. ఇంటిపేరు మనుషుల నోళ్లలోనే బతకాలి.

“మీ ఆయన యెవరింటోళ్లు పాపా?”

“సూరినేనివాళ్లు అవ్వా.” జవాబు మరీ టక్కున వచ్చింది.

“సెరి. నీ పుట్టిల్లు?”

“అదీ... సూరినేనివాళ్లే.”

ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ల వరస. మన పిల్లయితే నిద్రలో లేపి అడిగినా ఆ మాట అనదు. గోవిందమ్మాళ్ పెదవి బిగించింది. ఏదో తప్పు చెప్పానని పిల్లకూ అర్థమైపోయింది.

“పంపించేయొద్దు అవ్వా. పోయేదానికి ఇంకో చోటు లేదు మాకు.”

గోవిందమ్మాళ్ ఆ మొహాన్ని చాలాసేపు చూసింది.

“పెసలవాళ్లు,” అంది మెల్లగా. “చెప్పు.”

“పెసలవాళ్లు.”

“ఇంకోతూరి చెప్పు.”

చెప్పించుకుని, తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

“ఏమత్తా, మనోళ్లేనా?” అన్నాడు కరుప్పుసామి.

“మనోళ్లేరా. మా పుట్టింటి పిల్ల, పెసలవాళ్లది. నా పుట్టింటి పిల్లని నన్నే విసారించమంటివే, నీకు బుద్ధుండాదా?”

కరుప్పుసామి నాలుక కరుచుకున్నాడు. వీధిలో నిలబడ్డవాళ్లు ఎవరి పనుల మీద వాళ్లు వెళ్లిపోయారు.

ఆ పెసలవాళ్లనే ఇంటిపేరు, నలభై రెండేళ్ల కిందట చిన్నమనూరు నుంచి వచ్చే బస్సులో, రామచంద్రన్ అప్పటికప్పుడు కల్పించి, తనతో లేచివచ్చిన పరాయి పిల్ల గోవిందమ్మాళ్ చేత ఊరు చేరేలోపు వల్లె వేయించినది.