ఒకటే బంతి

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడాది, కొడుకు దామోదరాన్ని కాలేజీలో చేర్చడానికి కార్వేటినగరం నుంచి తిరుపతి వచ్చిన చెంగల్రాయ నాయుడికి ఆ చిన్న కాలేజీలో ఏదీ నచ్చలేదు.

పెంకుల వసారాలు చూసి, "మా ఎద్దుల కొట్టమే దీనికంటే బాగుండాది" అన్నాడు. చరిత్ర, తర్కం, కావ్యాలు చెబుతామని ప్రిన్సిపాలు అంటే, "అవి నేర్చుకోని మావోడు మడక దున్నాల్నా, హరికథ చెప్పాల్నా?" అని నవ్వాడు.

నాయన ముందు దామోదరం ఎన్నడూ తలెత్తినవాడు కాదు.

మధ్యాహ్నం వార్డెను వాళ్లను హాస్టలుకు భోజనానికి తీసుకెళ్లాడు. లోపల అన్ని కులాల పిల్లలూ మోకాలికి మోకాలు తగిలేలా ఒకే వరసలో కూర్చుని తింటున్నారు. నాయుడు గడప దగ్గరే ఆగిపోయాడు.

"మా కులపోళ్ల బంతి యాడుండాది?"

"ఈడ అందరికీ ఇదొకటే బంతి నాయుడుగారూ."

"థూ!" నాయుడు వాకిట్లో ఉమ్మేశాడు. "ఇది కాలేజీనా, ధర్మసత్రమా? ఈ బంతిలో ఒక్క ముద్ద తిన్నోడు మా గడప తొక్కేదానికి లేదు. కన్నకొడుకైనా సరే! రారా దామోదరం, పోదాం."

పక్కన కొడుకు లేడు. అప్పటికే బంతి చివర విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. కలిపిన ముద్ద ఇంకా చేతిలోనే ఉంది.

నాయన మాట పూర్తిగా విన్నాక దామోదరం ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నిదానంగా నమిలి మింగి, తలెత్తాడు.

"సెలవులకు గూడా ఈడనే ఉంటాలే నాయనా."

తర్వాత వడ్డించేవాడి వైపు తిరిగాడు.

"అన్నా, ఇంకో గంటె వెయ్యి."