సున్నా నొప్పి

ప్రతి ఆసుపత్రి గుమ్మంలోనూ నొప్పిని కొలిచే యంత్రం వచ్చేసిన కాలం అది. బడిలో వంట చేసే మణెమ్మకు ఆరేళ్లుగా కీళ్లనొప్పులు. ఆమె చెయ్యి పెట్టిన ప్రతిసారీ యంత్రం సున్నా చూపించేది. నలుగురు డాక్టర్లు ఆ సున్నాను చూశారు గానీ ఆమె మొహం చూడలేదు. నాలుగో ఆయనైతే, “పని తప్పించుకోవడానికి వచ్చావా?” అన్నాడు.

“గంటె పట్టుకుంటే పానం పోతున్నది సారూ! నీ మిషనొచ్చి అన్నం వండుతదా?” అని అరిచి వచ్చేసింది.

ఐదో డాక్టరు సఫియా. అక్కడా సున్నాయే వచ్చింది. ఆమె యంత్రం తెరను పక్కకు తిప్పేసి, మణెమ్మ వేళ్లను ఒక్కొక్కటే మెల్లగా వంచి చూసింది.

“వాచిపోయాయి కదమ్మా! యంత్రం ఏమన్నా అననివ్వండి, మీ నొప్పి నిజం. మందు రాస్తాను.”

మణెమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఈ ఒక్క మాట వినడానికి ఆరేళ్లా!

“మందు తర్వాత రాయుండ్రి డాక్టరమ్మా. మణెమ్మ అబద్ధం చెప్తలేదని ముందుగాల ఒక కాగితం రాసియ్యుండ్రి.”

“ఎవరికి చూపిస్తారు?”

“ఆ నలుగురికీ.”

సఫియా నాలుగు కాగితాలు తీసుకుని, నాలుగింటి మీదా రాసి సంతకం పెట్టింది.