మట్టిగోడ నీడ

ఉపాధి పనిలో మా ఇద్దరి గుంతలూ పక్కపక్కనే. గుంత మట్టిగోడను కూలకుండా మెట్లు మెట్లుగా కోయమని, పని చూసే మేట్ చెప్పినట్టే నేను తవ్వేదాన్ని. సుకన్య మాత్రం గోడను అడుగున తొలిచేది. పైమట్టి దానంతటదే రాలేది. రోజూ ఆమె కొలతే ముందు పూర్తయ్యేది. పైగా, తొలిచిన చోట నీడ! మిర్యాలగూడ ఎండలో ఆమె ఆ నీడన కాళ్లు చాపుకుని అన్నం తింటుంటే నా నెత్తి మాడేది, కడుపు అంతకన్నా మండేది.

రాత్రంతా వాన పడ్డ మర్నాడు కూడా అక్కడే కూర్చుంది.

ఇక ఓర్వలేకపోయాను. “ఓ సుకన్యా! నా గుంతలకు జరిగి తవ్వినవ్. దమ్ముంటే ఇటొచ్చి టేపు పట్టు!” అని లేని తగాదా పెట్టుకున్నాను.

“ఏడ జరిగిన? సూపియ్యి!” అంటూ అన్నం డబ్బా అక్కడే వదిలేసి నా మీదికి వచ్చింది.

నాలుగడుగులు వేసిందో లేదో, వెనక గోడంతా జారి కూలింది. డబ్బా ఆనవాలు కూడా లేదు.

సుకన్య నన్ను వాటేసుకుంది. “పొద్దున పైన పగులు సూసి గూడ నేను పట్టించుకోలె. నువ్వు గూడ సూసినవా అక్కా? చెప్తే ఇననని గిట్ల లడాయి పెట్టుకున్నవా?”

అందరూ నావైపే చూస్తున్నారు. అవునన్నట్టు తల ఊపాను.

పగులు సంగతి నాకు అప్పుడే తెలిసింది. నా కన్నంతా ఆ నీడ మీదే ఉండింది.