వరదరాజులు అంకెలు

“రేపు పదోనాడు. గాజులు తీసేయాల వైదేహీ. ఇంగ ఎన్నాళ్లని చూస్తాం?” బావ పార్థసారథి గడప అవతలే నిలబడి చెప్పాడు.

వైదేహి చేతులు కొంగులో దాచుకుంది.

“మీరు మనిషిని చూసినారా బావా?”

“సైకిలు చూస్తిమి గదమ్మా. కంపలో తట్టుకోనుండె.”

“సైకిలుకు ఈత రాదు. మీ తమ్మునికి వచ్చు.”

వాగు పొంగిన రాత్రి తూము తలుపులు ఎత్తడానికి వెళ్లిన వరదరాజులు తిరిగి రాలేదు. కాలువ మీద తూములు, నీళ్లు చూసుకునే లస్కరు అతను. రోజూ పొద్దున్నే గేజీ రాయి మీద నీళ్లెంత ఉన్నాయో చూసి, కార్డు మీద రాసి, నంద్యాల కాలువల ఆఫీసులో ఇమ్మని బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాడు. వైదేహి చదువు ఆ కార్డుల మీదే మొదలైంది. అక్షరాలు ఇంకా తడబడతాయి. అంకెలు మాత్రం గడగడా చదువుతుంది.

ఇప్పుడు ఆ కార్డులే గుర్తొచ్చాయి. అవతలి గట్టున చిక్కుకుపోయి ఇల్లు చేరలేకపోయినా, ఆయన గేజీ చూడకుండా ఉండడు. చూస్తే రాయకుండా ఉండడు.

తెల్లారకముందే, ఎవరికీ చెప్పకుండా, ఆళ్లగడ్డలో నంద్యాల పోయే మొదటి బస్సెక్కింది.

అది 1988. నంద్యాల ఆఫీసుకు అప్పుడే కొత్తగా కంప్యూటరు వచ్చింది. చెప్పులు బయటే విడవాలి. లోపల ఖలందర్ అనే కుర్రాడు దాని ముందు కూర్చుని ఉన్నాడు.

“నీళ్ల లెక్క కోసం వచ్చినావా అక్కా? పొద్దున్నుంచి అందరూ అదే అడుగుతాండారు.”

మొగుడి సంగతి నోటితో అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

“ఆ. మా తూము అంకెలు చూపీ అన్నా.” ఊరి పేరు చెప్పింది.

ఖలందర్ ఏదో నొక్కాడు. పక్కనున్న మిషను కీచుమంటూ, అంచులకు చిల్లులున్న కాగితాన్ని బయటికి తోసింది.

వైదేహి వేలు పెట్టి చదివింది. వాగు పొంగిన తేదీ వచ్చింది. వేలు ఆగిపోయింది. మెల్లగా కిందికి జరిపింది. మరుసటి తేదీ, దాని పక్కన అంకె. ఆ మరుసటి తేదీ, అంకె. నిన్నటి దాకా ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

“ఏందక్కా, ఏడుస్తాండావ్? నీళ్లు పెరుగుతానే ఉండాయి గదా!”

“అందుకే అన్నా. ఈ కాగితం నాకిస్తావా?”

“తీసకపో. నేను ఇంకోటి కొట్టుకుంటా.”

ఇల్లు చేరేసరికి వాకిట్లో చుట్టాలు కూర్చుని ఉన్నారు. పళ్లెంలో పసుపు, కుంకుమ సిద్ధంగా ఉన్నాయి. వైదేహి ఎవరి వంకా చూడలేదు. నేరుగా అత్త కనకవల్లి పక్కన కూర్చుని కాగితం విప్పింది.

“నిన్న కూడా చూసినాడత్తా గేజీ. ఇదో, దినానికి రెండు లెక్కన పెరుగుతాంది. ఒక్క దినం తప్పలేదు.”

“వాడంతేనే. పలకమీద రాసినా వరుస తప్పేటోడు కాదు,” అంటూ ముసలామె ఆ కాగితాన్ని చెంపకు ఆనించుకుంది.

పార్థసారథి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పళ్లెం తీయించి లోపల పెట్టించాడు.

ఆ పూట వైదేహి ఎసట్లో ఇంకో మనిషికి కూడా బియ్యం పోసింది. చేతులు కడుక్కుంటుంటే గాజులు గలగలమన్నాయి.

అదే సాయంత్రం నంద్యాల ఆఫీసులో ఇంజనీరు ఆ తూము కాగితం చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

“ఏమప్పా ఖలందర్, వాగు పొంగిన కాడ్నుంచి ఈ తూము కార్డు ఒక్కటీ రాలేదు గదా, గళ్లు ఎట్ల నిండినాయి?”

“మొదటి అంకె, దినానికి ఎంత పెరగాలో చెప్తే చాలు సార్, గేజీ ఎవరూ చూడకపోయినా కింది గళ్లన్నీ ఈ కంప్యూటరే నింపుకుంటాది,” అన్నాడు ఖలందర్ మురిసిపోతూ.