ఆఖరి ఇంజెక్షన్

"ఇంక ఇంజెక్షన్లు వద్దండీ. చెవికి మెషిన్ పెట్టినా పెద్దగా వినబడకపోవచ్చు," అంది డాక్టరమ్మ.

ఆ మాట భార్యకి ఎలా చెప్పాలో సోహైల్‌కి తోచలేదు. అతని ముఖం చూసి ఫరహతే అర్థం చేసుకుంది. బ్యాగు తీసుకుని లేచింది.

రెండు నెలల కిందట ఓ పొద్దున నిద్ర లేచేసరికి ఆమె రెండు చెవులూ దిబ్బడ వేసినట్టయ్యాయి. జలుబేమో అనుకున్నారు. కొండపల్లిలో ఎవరో చుక్కల మందిస్తే వేసుకుంటూ కూర్చున్నారు. విజయవాడ వచ్చేసరికే ఆలస్యమైపోయింది. "హఠాత్తుగా వినికిడి పోతే వెంటనే రావాలండీ," అని డాక్టరమ్మ మొదటిరోజే నొచ్చుకుంది. స్టెరాయిడ్ మాత్రలయ్యాయి. తర్వాత కర్ణభేరిలోంచి ఇంజెక్షన్లు. సూది దిగినప్పుడల్లా ఫరహత్ అతని చెయ్యి నలిపేసేది.

థర్మల్ స్టేషన్‌లో నైట్ షిఫ్టు దిగి, అటునుంచి అటే ఆమెను తీసుకుని రావడం. సోహైల్ ఒళ్లు హూనమైపోయింది.

"బస్సులో పోదాం," అని చేత్తో స్టీరింగ్ తిప్పి చూపించాడు.

"వద్దు. కుదుపులకి కళ్లు తిరుగుతాయి. రైలుకే వెళ్దాం."

వచ్చినప్పుడల్లా ఇదే గొడవ. అతనికి రైల్వే స్టేషన్‌లో అడుగు పెట్టాలనే ఉండదు. ఆమె మాత్రం బండికి గంట ముందే వెళ్లి కూర్చోవాలంటుంది.

ప్లాట్‌ఫారం మీద చోటు దొరికింది. ఎండ మండిపోతోంది. ఫరహత్ జనాన్నే చూస్తోంది. ఉన్నట్టుండి అందరూ సంచులు సర్దుకుని లేచారు. కూలీలు పరిగెత్తారు.

ఆమె అతని భుజం తట్టింది. "వస్తోందా?"

స్పీకర్లు మోగుతున్నాయి. సోహైల్ తలూపాడు.

"స్పష్టంగా ఉందా? గరగరలాడట్లేదు కదా?"

లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, కళ్లు తుడుచుకున్నాడు.

"మరి ఏడుస్తారేంటండీ?" అంటూ ఆమె అతని చేతిమీద చెయ్యి వేసింది.

"దయచేసి వినండి," అంటూ స్టేషనంతా మార్మోగుతున్న ఆ ఆడగొంతు, కిందటేడాది రైల్వేవాళ్లు ఏరికోరి రికార్డు చేసుకున్న ఫరహత్ గొంతే.