ఎలుకల మాట

ఈస్టరుకని వచ్చి నంద్యాల స్టేషన్‌లో రైలు దిగేసరికి అరుణకుమారి టీచరమ్మ ఎదురొచ్చింది. ఆళ్లగడ్డ చర్చిలో నాకు సండేస్కూలు చెప్పినావిడ. కుడి చెంపను కొంగుతో కప్పుకొని ఉంది.

"నీ కోసమే మొదటి బస్సెక్కి వచ్చినా అభిషేకూ. నోట్లో క్యాన్సరంట. జనవరిలోనే ఆపరేషన్ చేస్తామన్యారు, నేనే వద్దన్యా. నీ లైటుతోనే నయం చెయ్యి నాయనా."



క్రిస్మస్ ఆరాధనలో సాక్ష్యం చెప్పింది నేనే. హైదరాబాదు ల్యాబులో మేం తయారుచేసే కంటికి కనపడనంత సన్నటి బంగారు రేణువులు మందును క్యాన్సర్ గడ్డలోకి మోసుకెళ్తాయనీ, పైనుంచి లైటు వేస్తే గడ్డ కరిగిపోతుందనీ మైకులో చెప్పాను. చర్చంతా స్తోత్రం అంది. ఆ ఊపులో ఒక్క మాట మింగేశాను.

"అది ఎలుకలకే చేసినాం టీచరమ్మా. మనుషులకు ఇంకా రాలేదు. ఈ పొద్దే కర్నూలు పోదాం, ఆపరేషన్ చేపిచ్చుకోండి."

ఆమె పట్టాల వైపు తిరిగింది.

"ఆ పొద్దు ఎలుకల మాటే చెప్పకపోతివే."

తిట్టినా బాగుండేది. ఆమె నా భుజం మీద చెయ్యేసింది.

"పోనీలే. ఆ ఎలుకలన్నా బాగైనాయా?"

"అయినాయి" అన్నాను.

గడ్డలు కరిగిన మాట నిజమే. లోపల ఎంత కరిగాయో చూడటానికి ఎలుకలన్నిటినీ చంపి కోసింది నేనే.

మళ్లీ సగం సాక్ష్యమే చెప్పాను.